తమ్ముడితో దోహాలో ఒక శుక్రవారం, మూడు కప్పుల గహ్వా

దోహాలో ఐన్ ఖాలిద్ అనే పేటలో ఉండే మా అమ్మాయి ఇంటికి నెల రోజుల విజిట్ వీసా మీద వెళ్ళాను. చూడాలనుకున్నది మాత్రం మా చిన్న తమ్ముడు శంకర్‌ని. వాడు అల్ ఖోర్‌లో కార్మికుల క్యాంపులో ఉంటూ, వరల్డ్ కప్ కోసం కడుతున్న ఒక స్టేడియంలో పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని చేస్తున్నాడు. వెళ్ళి ఆరేళ్ళయింది. రెండేళ్ళకోసారి వచ్చే లీవును రెండుసార్లు వదులుకున్నాడు. ఈసారి నెలాఖరు శనివారం లోపల లీవు ఫారం ఇవ్వకపోతే స్టేడియం పూర్తయ్యేదాకా లీవు దొరకదు. వాడి నడుము బాగాలేదని అక్కడే పనిచేసే మా ఊరి వాళ్ళు చెప్పారు. ఎలాగైనా వాడి చేత ఆ ఫారం ఇప్పించాలని నా కోరిక. అక్కడ ఉన్నవి నాలుగు శుక్రవారాలు. మూడు వాడి ఓవర్‌టైంకే పోయాయి. మిగిలింది ఒక్కటే, ఆ శనివారానికి ముందు రోజు.

ఉదయం తొమ్మిదికే అల్లుడు నన్ను సూక్ వాకిఫ్ పాత బజారు దగ్గర దింపాడు. అది నా పొరపాటు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు. కొన్ని దుకాణాలైతే నాలుగింటికి గాని తెరవరు. అప్పుడే కొత్తగా వచ్చిన మెట్రో కూడా శుక్రవారం రెండింటికి మొదలయ్యేది. శంకర్ అల్ ఖోర్ నుంచి బస్సులో గంటకు పైగా ప్రయాణం చేసి పదింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

“ఏందక్కా, గింత పొద్దుగాల్నే వస్తివి? ఇయ్యాల జుమ్మా గదా, అన్ని బందున్నయి!”

“నువ్వు చెప్పకపోతివి.”

“నాకేం ఎరుక? నేనెప్పుడు వచ్చిన గనుక?” అని నాలుక కరుచుకున్నాడు. ఫోన్‌లో మాత్రం ఆరేళ్ళుగా దోహా అంతా తిరిగానని చెబుతూ వచ్చాడు.

నీడలో ఒక బల్ల మీద కూర్చున్నాం. రెండు మాటలు మాట్లాడాడో లేదో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. నేను జపమాల తీసుకున్నాను. మూడు గంటలు లేపలేదు. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుని, ఒక చేయి నడుముకు ఆనించి లేచాడు. చూశానని తెలిసి, “కాలు తిమ్మిరెక్కింది” అన్నాడు.

బజారు తెరుచుకున్నాక డేగలు అమ్మే వీధి, సుగంధ ద్రవ్యాల వీధి తిరిగాం. అత్తరు దుకాణం ముందు కూర్చున్న ఒక ముసలాయన పిలిచి, పిడికిట్లో పట్టేంత కప్పులో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోశాడు. పచ్చటి రంగు, ఏలకుల వాసన, చక్కెర ఉండదు. తాగేసరికి మళ్ళీ పోశాడు. పెద్దాయన పోస్తే కాదనలేక మూడు తాగాను. నాలుగోసారికి, మన బంతి భోజనంలో విస్తరికి అడ్డం పెట్టినట్టు, కప్పు మీద చేయి పెట్టాను. పోయబోతున్న ఆయనకు నా చేయి కనబడలేదు. వేడి చుక్కలు వేళ్ళ మీద పడ్డాయి.

ఆయన కంగారుగా నీళ్ళు తెప్పించాడు. తర్వాత ఖాళీ కప్పును రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూపించాడు. చాలు అనడానికి అక్కడ అదే పద్ధతి.

శంకర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. “పెండ్లి బంతిల కూసున్న అనుకున్నవా అక్కా?”

“నీకు ఎరుకేనా గిది?”

“ఎరుకనే. సైట్ల అరబ్బు సార్ తాపిస్తడు. నీకు మస్తు నచ్చింది కావచ్చు అనుకున్న.”

ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు చుక్కలు పడినా నేను ఏమనేదాన్ని కాదు.

నాలుగున్నరకు సముద్రపు ఒడ్డుకు నడిచాం. చెక్క పడవవాడు అరగంటకు మనిషికి ఇరవై రియాళ్ళు అడిగి, “యల్లా, బైఠో అమ్మా” అని కూర్చోమంటూ పదిహేనుకు దిగాడు. ఎదురుగా అద్దాల మేడలు. పడవలో అడిగాను.

“ఫారం ఇస్తవా తమ్మీ?”

“స్టేడియం కానియ్యక్కా. గిన్నొద్దులు చేసినంక నడుమ ఇడిచిపెట్టి వస్తే ఎట్ల?”

“మరి నీ నడుము?”

“మంచిగనే ఉంది.”

మళ్ళీ అడగలేదు. పడవ దిగేటప్పుడు వాడికి నా భుజం ఆసరా కావలసి వచ్చింది.

ఆరింటికి బస్టాండ్ చేరాం. అమ్మాయి ఫ్లాస్కులో పెట్టి ఇచ్చిన చాయ్ పోశాను. తాగాడు. ఇంకోసారి పోయబోతే కప్పు అటూ ఇటూ ఊపాడు. ఇద్దరం నవ్వుకున్నాం. బస్సు వచ్చింది. ఎక్కడానికి కమ్మీ పట్టుకుని, మొదటి మెట్టు మీదే కాసేపు ఆగిపోయాడు. వెనుకవాళ్ళు కేకలేస్తున్నారు. నా వైపు తిరిగి, “ఇగ చాలక్కా. రేపు ఫారం ఇస్త” అన్నాడు.

ఇది మా ఊళ్ళో ఇంటి దగ్గర రాస్తున్నాను. దోహాలో మేం చూసినవి తక్కువ. మ్యూజియం చూడలేదు, వాడు కడుతున్న స్టేడియం దూరం నుంచైనా చూడలేదు. నా ప్రార్థనలో ఆరేళ్ళుగా ఒకే కోరిక ఉండేది. ఈ మధ్య దేవుణ్ణి ఏం అడగాలో తోచక ఊరికే కూర్చుంటున్నాను. పక్క గదిలో శంకర్ నిద్రపోతున్నాడు. వచ్చి నాలుగు రోజులైంది, ఇంకా అలసట తీరలేదు. లేపడం లేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట: శుక్రవారమైతే మధ్యాహ్నం రెండు దాటాకే బయలుదేరండి. మీతో వచ్చేవారికి వారంలో అదొక్కటే సెలవైతే, పొద్దున అంతా వాళ్ళను నిద్రపోనివ్వండి.