అమ్మణి కారుకు పెట్టిన బొట్టు

చూలై పేటలో పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు మండపం మాట్లాడుకున్న తర్వాత నేరుగా వచ్చేది అమ్మణి ఇంటికే. ముప్పై ఏళ్లుగా ఆ పేట పెళ్లికూతుళ్లను మండపానికి చేర్చింది ఆమె మీగడరంగు పాత ఫియట్టే, తోలేదీ ఆమే. తండ్రి జనార్దనం ఆ కారును కొన్నాక, కొడుకు దామోదరానికి రోడ్డంటే బెదురనీ, కూతురికి చెయ్యి నిదానమనీ గ్రహించి స్టీరింగు కూతురికి అప్పజెప్పాడు. పోతూ పోతూ మాత్రం బండిని ఇద్దరి పేరా రాసిపోయాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

చూలై సందుల్లో బండి నిలపడానికి చోటు లేదు. అందుకని మాధవరంలో పాలవ్యాపారి మాదయ్య గేదెల కొట్టాన్ని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డును అమ్మణి బాడుగకు తీసుకుంది. కిందటేడు ఆ షెడ్డులోనే కారు అద్దమొకటి మాయమైంది. అప్పుడు సౌకార్‌పేటలో స్టీలు పాత్రల అంగడి నడిపే దామోదరం షరతు పెట్టాడు.

"ఇంకొక్క సామాను పోయిందంటే అమ్మేద్దాం, అక్కా. అప్పుడు అడ్డం చెప్పకూడదు."

అమ్మణి తలూపింది. మాట ఇచ్చి తప్పే మనిషి కాదు గనక, ఆ తలూపు అప్పటినుంచీ ఆమె గుండెల్లో రాయిలా ఉండిపోయింది.

ఒక సోమవారం పొద్దున్నే మాదయ్య ఫోన్ చేశాడు. చక్రాలకు వీల్ క్యాపులు ఒక్కటీ లేవు. డ్రైవరు తలుపు తాళంలో ఏదో విరిగి ఇరుక్కుని ఉంది. అమ్మణి చూలైలో తాళాలు బాగుచేసే అరుముగాన్ని వెంటబెట్టుకుని ఆటోలో మాధవరం చేరేసరికి, దామోదరం అప్పటికే వచ్చి కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూసినావు కదా అక్కా. మాటంటే మాట."

"మాట యాడికీ పోదులే రా. దొంగ ఎట్ట వచ్చినాడో ముందు చూడనీ."

ఆమె ముందు చూసింది కారును కాదు, షెడ్డు గేటును. దాని ఇత్తడి తాళం పగల్లేదు, గొలుసు తెగలేదు, చిన్న గీతైనా పడలేదు. ఆ సంగతి మనసులో ఉంచుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడమ తలుపు వేసింది వేసినట్టే ఉంది. దాన్ని తెరిచి లోపల కూర్చుని, కుడివైపు తలుపును లోపలినుంచి తీసింది.

"ఆ తలుపు నీ బీగంచెవికే తెరుచుకోదు," అన్నాడు దామోదరం. "ఎనిమిదేండ్లుగా పట్టుచీర కట్టుకోని ఎడమపక్క నుంచి జరుక్కుంటా పోతుండావు. పెండ్లికూతుర్లు కూడా నవ్వుతారు. ఇదేనా బండిని కాపాడేది?"

అది నిజమే. తాళం అరిగిపోయిందని, అంత పాత బండికి సామాను దొరకదని ఆమె ఎప్పుడో సర్దుకుపోయింది.

అరుముగం తలుపు అట్ట విప్పి, తాళం గుండును బయటికి లాగి, కాగితం మీద తట్టాడు. మొదట రాలింది దొంగతాళం కొస. దాని వెనకే పసుప్పచ్చని గడ్డలు, వాటి మీద ఎర్రటి పొరలు. అతను ఒక గడ్డను నలిపి వాసన చూశాడు.

"ఇది తుప్పు కాదమ్మా. చందనం."

ఏటా ఆయుధపూజకు అమ్మణి కారును కడిగి, మామిడాకులు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది. కాపలా కాసేది బీగమే గనక దానికే తొలి బొట్టు పెట్టాలని తండ్రి చెప్పాడు. ఆ మాట మీద భక్తితో, బొటనవేలితో తాళపు రంధ్రం నిండేదాకా చందనం అద్ది, పైన కుంకుమ పెట్టేది.

"సామికి ఒళ్లంతా పూసే చందనకాప్పు గూడా ఇంత ఉండదమ్మా," అన్నాడు అరుముగం. "అందుకే వాడి చెవి సగం కూడా దూరలా. బలం పెట్టి తిప్పినాడు, విరిగింది."

"ఆ టప్పుమనే చప్పుడికే మా గేదెలు లేచి అరిచినాయి," అన్నాడు మాదయ్య. "నేను వచ్చేలోపల గోడ దూకేసినాడు."

అందరికన్నా ముందు నవ్వింది అమ్మణే. దామోదరం నవ్వలేదు.

"అయితే బండిని కాపాడింది చందనం. నువ్వు కాదు."

"చందనం దానంతటది నడిచిపోయి అంటుకోలా." ఆమె రొండిన దోపుకున్న వక్కాకు సంచిలోనుంచి బొటనవేలంత నల్లటి ముక్కను తీసింది. అది రోటరు, అది లేనిదే ఇంజన్‌కు నిప్పురవ్వ అందదు. "తలుపు తెరుచుకున్నా వాడు దీన్ని కదిలించలేడు. షెడ్డులో పెట్టినప్పుడంతా ఇది నా దగ్గిరే."

"క్యాపులు పోయినాయి కదా. షరతు షరతే."

"ఆమా, పోయినాయి. గేటు ఎట్ట తెరుచుకునిందో చెప్పు, ఇప్పుడే సంతకం పెడతా."

ఆ ఇత్తడి తాళం తండ్రి నాటిది. అరచేత్తో గట్టిగా నొక్కితేనే రెండోసారి టక్కుమని పడుతుంది. లేకపోతే పడినట్టే కనిపిస్తూ, గట్టిగా గుంజితే ఊడివస్తుంది. దాని చెవులు రెండు. ఒకటి అమ్మణి దగ్గర, రెండోది దామోదరం దగ్గర.

"పోయిన పెండ్లి తరవాత నేను ఈ పక్కకే రాలా," అంది అమ్మణి.

మాదయ్య ఏ కల్మషమూ లేకుండా అందుకున్నాడు. "నిన్న ఈ అన్న వచ్చినాడు కదమ్మా, ఎవర్నో పిలుచుకోని. నీకు తెలుసనుకుంటిని."

దామోదరం గేటు వైపు చూశాడు. "కొనేవాడొకాయన చూస్తానన్నాడు. ఊరికే చూపించినా."

"చూపించు. సగం బండి నీదే కదా. మూసేటప్పుడు నొక్కినావా?"

"నొక్కినా. టక్కుమనింది."

"ఎన్నిసార్లు?"

అతను గొంతు తగ్గించాడు. "ఒకసారి."

అమ్మణి దెప్పలేదు. "గేటు కాడ నీ తప్పు, తలుపు కాడ నా తప్పు. వాడు నీ తప్పులోంచి లోపలికొచ్చి నా తప్పు కాడ ఆగిపోయినాడు. ఇంక ఎవరు ఎవర్ని అమ్మమని అడిగేది?"

దామోదరం మీసం కింద నవ్వు దాగలేదు. "నీతో వాదించేదానికి నాయనకే చేతకాలా," అని గుత్తిలోనుంచి గేటు చెవిని ఊడదీసి ఆమెకు చాచాడు. ఇంక బండి అమ్మకం మాట ఎత్తనని ఆ చెయ్యే చెప్పింది.

ఆమె పుచ్చుకోలేదు. "నీ కాడే ఉండనీ. నొక్కేది నేర్చుకో, చాలు. పండక్కి నువ్వే రా. బొట్టు రంధ్రానికి పైన పెడదాం."

మర్నాడు చూలైలో పెళ్లి. బోడి చక్రాలకు బంతిపూల చుట్టలు కట్టవచ్చని అమ్మణి అప్పటికే లెక్క వేసుకుంది. అరుముగం శుభ్రం చేసిన తాళాన్ని బిగించాడు. చెవి సాఫీగా తిరిగింది. ఎనిమిదేళ్లకు ఆమె తన తలుపులోంచే ఎక్కి, రోటరు బిగించిన బండిని బయటికి తెచ్చి ఆపింది.

వెనక దామోదరం గేటు మూసి తాళం నొక్కాడు. ఒక టక్కు వినిపించింది. అమ్మణి కదల్లేదు. అతను పళ్లు బిగించి మళ్లీ నొక్కాడు. రెండోది వినిపించాకే ఆమె గేరు వేసింది.