పేగు అతుకు

మా ఆయనకు పేగు మెలిపడి తిరుపతి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసిన ఏడు, నేను వయోజన బడిలో అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. మాది నగరి, మగ్గం పని. పెద్ద డాక్టరు రోజూ చదువుకునే పిల్లల్ని వెంటేసుకొచ్చి, మంచం దగ్గర ఒక మాట అనేవాడు: అనాస్టమోసిస్. అనగానే అందరూ మా ఆయన కడుపు వంకే చూసేవాళ్ళు. అది రోగమో మందో తెలియలేదు. రెండో రోజు అడ్డం నిలబడి అడిగాను.

"పేగులో కుళ్ళిన ముక్క తీసేసినామమ్మా. మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టినాము. ఆ కలపడానికే ఆ పేరు. రక్తనాళాలు కలిపినా అదే అంటాము."

"ముడేసినారా?"

"ముడేస్తే దారి మూసుకుపోదా? అంచుకు అంచు చేర్చి కుట్టాల."

"మేమూ అంతే సార్. పాత పడుగు కొసకు కొత్త పోగు మెలేసి అతుకుతాము. ముడేస్తే దువ్వెన మాదిరుండే పన్నెలో తట్టుకుంటాది. అతుకు పన్నె దాటేదాకా మెల్లగా లాగి చూసుకుంటాము. మీరు కడుపు మూసేసినారే, నిలిచిందని యాడ చూస్తారు?"

పిల్లలు నవ్వారు. డాక్టరు నవ్వలేదు.

"జ్వరం రాకుండా, కింద గాలి పోవాల. అప్పుడు పేగు కదిలినట్టు. అందాకా నీళ్ళ చుక్క కూడా పోయొద్దు. అతుకు విడితే మనిషి దక్కేది కష్టం."

మూడో రోజు మా ఆయన అక్క చెంబు నిండా రాగిజావ తెచ్చింది. ఆయన ఎండిన పెదాలతో దాని వంకే చూస్తున్నాడు. చెంబు లాక్కున్నాను.

"మొగుణ్ణి పస్తు పెట్టేదాన్ని నిన్నే సూస్తా ఉండా" అంది.

"కొత్త అతుకు వదినా. పన్నె దాటనీ."

ఆమె కూడా మగ్గం మీద పెరిగిన మనిషే. చెంబు తీసుకెళ్ళి కిటికీలో పెట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం దుప్పటి కింద చిన్న చప్పుడు.

"ఏమయ్యా, నువ్వేనా?"

వాళ్ళక్క ఎదురుగా ఉంది. "నేను కాదు, పక్క మంచమాయన" అన్నాడు గోడ వైపు చూస్తూ.

పక్క మంచమాయనకూ కడుపు ఆపరేషనే. తల తిప్పాడు. "నా మీద పెట్టొద్దప్పా. రెండు దినాలుగా నేనూ దానికోసరమే కాసుకోనుండా. వస్తే దాసుకుంటానా?"

"సిగ్గుపడితే నీకు నీళ్ళు లేవు" అన్నాను.

దుప్పటి పైకి లాక్కుంటూ "నేనే" అన్నాడు.

డాక్టరు వచ్చి కడుపు మీద గొట్టం పెట్టి విన్నాడు. జ్వరం చీటీ చూశాడు. రెండు స్పూన్లు నీళ్ళు పోయమన్నాడు.

పోశాను. గుటక పడుతుంటే వదినా నేనూ ఆయన గొంతు నుంచి కడుపు దాకా చూపు తిప్పకుండా చూశాం. మూడో స్పూను అడిగాడు. ఇవ్వలేదు.