ఇంపి అత్త అడిగిన కత్తి

ఉత్తరాది చలిదేశంలో కౌహవ పట్నం పక్కనున్న ఒక ఊళ్ళో మగవాళ్ళు మాటలు పొదుపుగా వాడతారు. మిగిలిపోయిన మాటలన్నీ వియెనో వాడేది. ఇరవై రెండేళ్ళ పాటు బడి వంటింట్లో గురువారం గురువారం బఠానీ సూపు కలుపుతూ మాట్లాడింది. పిల్లలు తగ్గిపోయి బడి మూసేశారు. అప్పటికి వియెనోకి నలభై ఆరేళ్ళు. ఇక ఇంట్లో కూచుని మేజోళ్ళు అల్లుకుంటుందని ఊరంతా అనుకుంది. ఆమె మాత్రం తండ్రి వదిలేసి పోయిన కొలిమి తలుపు తాళం విరగ్గొట్టి, లోపల కాపురమున్న పిల్లిని బయటికి పంపి, నిప్పు రాజేసింది.

మామూలు కత్తులు ఆ ప్రాంతంలో ఎవరైనా చేస్తారు. వియెనోకి చారల ఉక్కు మీద మనసు పడింది. రెండు రకాల ఉక్కు రేకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎర్రగా కాల్చి, కొట్టి అతికించి, సాగదీసి, నరికి మళ్ళీ పేర్చి కొడితే పొరలు వందకు పైన పడతాయి. సానపట్టి ఆమ్లంలో ముంచితే ఆ పొరలన్నీ నీటి అలల్లా పైకి తేలతాయి. చెప్పడానికి ఇంతే. ఆమె చేసిన మొదటి కత్తి అలుగు చల్లారగానే విసనకర్రలా విచ్చుకుంది. భర్త కౌకో దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పేజీలెన్ని?" అన్నాడు.

ఆ నెలలో కౌకో మాట్లాడిన మాటల్లో అదే పొడవైనది. వియెనో వారం రోజులు అతనికి కాఫీ పెట్టలేదు. తొమ్మిదో అలుగు మాత్రం విచ్చుకోలేదు.

పదేళ్ళు గడిచాయి. ఒక మే నెల ఉదయం ఇంపి అత్త సైకిలు తొక్కుకుంటూ వచ్చి కొలిమి ముందు దిగింది. ఆమె ఎవరికీ సొంత అత్త కాదు, ఊరంతటికీ అత్త. ఎనభై నాలుగేళ్ళ మనిషి.

"జూన్లో నాకు ఎనభై అయిదొస్తాయే వియెనో. నాకో కత్తి కావాలి."

"నీకెందుకత్తా కత్తి? ఎవర్ని పొడుస్తావ్?"

"నా కొడుకులిద్దర్నీ పొడవాలనే ఉంది గానీ, జున్ను కోసుకోడానికిలే. ఎనభయ్యో పుట్టినరోజుకి ఏం చేశారో తెలుసుగా? ఒస్మో ఒక ఊగుడు కుర్చీ తెచ్చాడు. రెయ్యో ఒక ఊగుడు కుర్చీ తెచ్చాడు. ఒకడితో ఒకడికి మాటల్లేవు కదా, ఎవడేం కొంటున్నాడో ఎవడికి తెలుస్తుంది? నాకున్నది ఒక్కటే నడ్డి! పోయినేడు రెండు కాఫీ మిషన్లు. ఈసారి ఇద్దరూ కలిసి ఒక్కటే ఇవ్వాలి. వాడి ఉక్కు సగం, వీడి ఉక్కు సగం. నువ్వే కలిపి కొట్టు."

ఒస్మోకి, రెయ్యోకి పంతొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. వేటలో ఒక మూస్ దుప్పికి ఇద్దరి తూటాలూ తగిలాయి. ప్రాణం తీసింది నా తూటా అంటే నా తూటా అనుకున్నారు. మాంసం సమానంగానే పంచుకున్నారు గానీ అక్కణ్ణుంచి మాటలు ఆగిపోయాయి. ఇళ్ళు మాత్రం ఎదురెదురుగానే ఉన్నాయి.

ఒస్మో కలపమిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. పాత రంపం పట్టీ ముక్క ఒకటి చుట్టగా చుట్టి తెచ్చాడు. మంచి ఉక్కు, అందులో మెరుపునిచ్చే నికెల్ ఉంటుంది. రెయ్యో రైతు. అతను గేటు బందు ఒకటి తెచ్చి దాగలి దిమ్మ మీద పెట్టాడు.

"ఇది ఉత్త ఇనుము రెయ్యో. దీంతో కత్తి చేస్తే మీ అమ్మ వెన్న కూడా కొయ్యలేదు."

"వాడేం తెచ్చాడు?"

"రంపం పట్టీ."

రెయ్యో బందు తీసుకుని వెళ్ళిపోయాడు. గంటలో గడ్డి పోగుచేసే యంత్రం పళ్ళు ఆరు పట్టుకొచ్చాడు. అవి కొత్తవి. యంత్రానికి ఇంకా బిగించి ఉండగా ఊడదీసినవి.

వియెనో వాటిని పలకలుగా సాగదీసింది. ఒకటి రెయ్యోది, ఒకటి ఒస్మోది, మళ్ళీ రెయ్యోది, అలా ఏడు పలకలు పేర్చి కట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు సమ్మెట బెల్టు తెగింది. కొత్త బెల్టు రావడానికి మూడు వారాలన్నారు. పుట్టినరోజు రెండు వారాల్లో ఉంది. కౌకోకి భుజం నొప్పి. ఇక సమ్మెట వెయ్యడానికి ఊళ్ళో దిట్టమైన చేతులున్నవాళ్ళు ఇద్దరే. వియెనో ఇద్దరికీ విడివిడిగా ఫోను చేసి, రెండోవాడు వస్తున్న సంగతి ఇద్దరి దగ్గరా మింగేసింది.

వాళ్ళు గుమ్మంలో ఎదురుపడ్డారు. చెరో సమ్మెటా చేతికిచ్చి వియెనో పట్టకారుతో నిలబడింది.

"వాడికి చెప్పు వియెనో, కాస్త ఎడంగా నుంచోమని," అన్నాడు ఒస్మో.

"ఇక్కడే నుంచుంటానని చెప్పు," అన్నాడు రెయ్యో.

"నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్ఛేంజీనా? నీకు చెవులున్నాయి, వాడికీ ఉన్నాయి. నా చిన్న సుత్తి ఎక్కడ తగిలితే అక్కడ కొట్టండి, ఒకడి తర్వాత ఒకడు. ఇద్దరూ ఒకేసారి దించారంటే మీ అమ్మకి కత్తి రాదు, కర్మకాండలే!"

పలకల కట్ట పసుప్పచ్చగా కాలింది. పొరలు అతుక్కోడానికి వియెనో దాని మీద వెలిగారం చల్లింది. మొదటి నాలుగు దెబ్బలు తడబడ్డాయి. అయిదో దెబ్బ నుంచి సమ్మెటలు వంతులేసుకున్నట్టు పడ్డాయి. చిన్నప్పుడు తండ్రితో కలిసి కంచెకి గుంజలు దిగ్గొట్టిన చేతులవి. మనుషులు మరిచిపోయినా చేతులు మరిచిపోలేదు. ఆ సంబరంలో వియెనో ఆ గుంజల గురించి, వాళ్ళ నాన్న గురించి, బడిలో రెయ్యో కూతురు సూపు పారబోసిన రోజు గురించి ఆపకుండా చెప్పుకుంటూ పోయింది.

చల్లార్చి చూస్తే కట్ట ఒక చివర వెంట్రుకంత సందు.

"గడ్డి యంత్రం పళ్ళు పనికిరావని వాడికి చెప్పు," అన్నాడు ఒస్మో.

"రంపం పట్టీ అతుక్కోవడం లేదని చెప్పు."

వియెనో ఆ సందుని వేలితో తడిమి సిగ్గుపడింది. "మీ ఇద్దరిదీ కాదు, నాది తప్పు. అక్కడ తుప్పు గోకలేదు. మాట్లాడుతున్నాను కదా, మరిచిపోయాను."

ఆ చివర నరికి పారేసింది. "ఇక నోరెత్తను" అని ఒట్టు పెట్టుకుని మళ్ళీ నిప్పులో పెట్టింది. పెదాలు బిగించింది, కళ్ళతోనే సైగలు చేసింది. కొలిమిలో సమ్మెటల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముప్పావుగంట గడిచాక కౌకో ఇంట్లోంచి గబగబా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? పడిపోయావా?"

"లేదు!" అంది వియెనో.

"మరి మాట వినబళ్ళేదేం?"

సమ్మెటలు పట్టుకున్న ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వి, ఒకరి మొహం ఒకరికి కనబడేసరికి చప్పున ఆపేశారు.

మూడు రోజులు పట్టింది. ఏడు పొరలు ఇరవై ఎనిమిదయ్యాయి, ఇరవై ఎనిమిది నూట పన్నెండయ్యాయి. కడ్డీని మెలిపెట్టి, అలుగు సాగదీసి, వేడి నూనెలో ముంచింది. తర్వాత వంటింటి పొయ్యిలో తీపి రొట్టెల పక్కన పెట్టి పెళుసుదనం తగ్గించింది. ఆ రొట్టెలు నూనె వాసనేశాయి. కౌకో అన్నీ తిన్నాడు. ఆమ్లంలోంచి అలుగు తీసి కడిగిన క్షణం వియెనో ఒంటరిగా ఉంది. నల్లటి చారల మధ్య తెల్లటి చారలు సుళ్ళు తిరుగుతూ మొనదాకా పోయాయి. పదేళ్ళలో అంత బాగా ఎప్పుడూ రాలేదు. చెప్పడానికి పక్కన ఎవరూ లేక పిల్లికి చెప్పింది.

పుట్టినరోజుకి ఊరంతా ఇంపి అత్త ముంగిట్లో కాఫీకి కూడింది. భూర్జ కర్ర పిడి వేసిన కత్తిని అన్నదమ్ములు చెరో కొసా పట్టుకుని తల్లికిచ్చారు. ఆమె దాన్ని ఎండలో ఎత్తి చూసింది.

"ఆ మెరిసేదంతా నా ఉక్కు," అన్నాడు ఒస్మో, గాలికి చెబుతున్నట్టు.

రెయ్యో వియెనో వైపు తిరిగాడు. "పక్కన నల్లది లేకపోతే ఆ తెలుపు ఎవడికీ కనబడదని వాడికి చెప్పు. పదును పట్టేది కూడా నల్లదే."

"ఎవడు చెప్పాడు నీకు?" అన్నాడు ఒస్మో.

"ఎవడో చెప్పాలా? నాకు కళ్ళు లేవా?"

"ఉంటే ఆ దుప్పిని గురిచూసి కొట్టేవాడివే!"

"గుండెలో దిగిన తూటా ఎవరిదిరా?"

ముంగిట్లో అందరూ కాఫీ కప్పులు దించేశారు. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒకడు ఇంకొకణ్ణి సూటిగా 'రా' అన్నాడు. వాళ్ళకి మాత్రం ఆ ధ్యాస లేదు. కుర్చీలు దగ్గరికి లాక్కుని మరీ పోట్లాడుకుంటున్నారు. మధ్యలో ఎవరో ఏదో చెప్పబోతే ఇద్దరూ కలిసి "నువ్వుండు!" అన్నారు.

ఇంపి అత్త కత్తితో కాల్చిన జున్ను సన్నగా కోసి పళ్ళెంలో పేర్చింది. జున్ను అసలు అలుగుకి అంటుకోలేదు.

"తినవే వియెనో," అంది. "ఇది ఇప్పట్లో తేలేది కాదు."

నిజంగానే తేలలేదు. ఆ శనివారం ఆవిరి స్నానానికి సౌనాలో కూచుని పోట్లాడుకున్నారు. పై శనివారం మళ్ళీ అక్కడే కూచున్నారు. వేసవి దాటేసరికి రెయ్యో గడ్డి యంత్రానికి కొత్త పళ్ళు బిగించడానికి ఒస్మో కూడా వెళ్ళాడు, అవి తప్పుగా బిగిస్తున్నాడని చెప్పడానికి.

వియెనోకి మాత్రం పక్క ఊళ్ళ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మాటల్లేని ఇద్దరు అక్కచెల్లెళ్ళట, ఒక చర్చి గాయక బృందంలోని రెండు వర్గాలట. ఆమె అందరికీ ఒకటే చెప్పింది.

"ఉక్కు తెచ్చుకోండి, గేటు బందులు వద్దు. సమ్మెటలు మీరే వెయ్యాలి. కొట్టినంతసేపూ నన్ను పలకరించకండి."