హానా వాకర్ చేతిరొట్టె

ఇంగ్లండులో మా చెషైర్ కొండపల్లెలో పెళ్లయినా ఇంటిపేరు మారని ఆడమనిషి హానా వాకర్ ఒక్కర్తే. పుట్టింటివాళ్లూ వాకర్లే, అత్తింటివాళ్లూ వాకర్లే, రెండిళ్లకీ చుట్టరికం లేదు. అలాంటి మనిషి చేతిరొట్టె తింటే పిల్లలకి కోరింత దగ్గు తగ్గుతుందని మావాళ్ల నమ్మకం. పెళ్లైన వారానికే గుమ్మంలో తల్లులు బారులు తీరారు. "మొగుడు కొత్త పేరివ్వలేదు గానీ కొత్త చాకిరీ ఇచ్చాడు" అని నవ్వేది హానా. ముప్పై ఏళ్లు అలాగే గడిచాయి.

ఆ చలికాలం ఆమె మొగుడు ఈనాక్ టీ తాగుతూ నోరు జారాడు. వాళ్ల నాన్న వాకర్లకి పుట్టలేదట. బట్టల మిల్లు మెట్ల మీద ఎవరో వదిలేసిన పసిగుడ్డట, మిల్లువాళ్లే ఆ పేరు పెట్టారట.

"ఇన్నేళ్లూ చెప్పలేదేమయ్యా?"

"చెబితే నన్ను చేసుకునేదానివా?" అన్నాడు తలెత్తకుండా.

మర్నాడే పక్కింటి ఫీబీ నాలుగేళ్ల నెల్‌ని చంకనేసుకుని వచ్చింది. పిల్ల దగ్గి దగ్గి నీలంగా మారుతోంది. హానా రొట్టె లేదంది. పొయ్యి మీంచి వాసన వస్తూనే ఉంది. అక్కడే ఉన్న నాకు ఒళ్లు మండి నిలదీశాను.

"మొగుడిచ్చింది దొంగపేరే తల్లీ. తిన్నాక ఆ పిల్లకేమన్నా అయితే నేను బతగ్గలనా?" అంది.

ఆమెను చెయ్యిపట్టి జేబెజ్ తాత దగ్గరికి లాక్కెళ్లాను. ఆ మిల్లులో అరవై ఏళ్లు పనిచేసిన మనిషి. అంతా విని చుట్ట పక్కన పెట్టాడు.

"మరలు రాకముందు ఉన్నిబట్ట తొట్లో వేసి, నిలవ ఉచ్చ పోసి, బట్ట చిక్కబడేదాకా కాళ్లతో తొక్కేవాళ్లు. అలా తొక్కినవాడే వాకర్. ఊరికొకడుండేవాడు. మీ పుట్టింటివాళ్లు దొరబిడ్డలనుకున్నావా? మొదటి వాకర్‌కి పేరిచ్చింది వాళ్ల నాన్న కాదే పిచ్చిదానా, ఆ కంపు తొట్టి. మీ మామ ఆ మిల్లులోనే చచ్చేదాకా ఆ తడిబట్టే మోశాడు. నీకు పేరు ఊరికే వచ్చింది. ఆయన ఒళ్లొంచి సంపాదించుకున్నాడు."

హానా ఇంటికొచ్చి వేడిరొట్టె కోసి, వెన్న రాసి ఫీబీ ఇంటికి తనే పట్టుకెళ్లింది.

రొట్టెకి తగ్గిందో, రోజులు తీరి తగ్గిందో నాకు తెలీదు. తగ్గడానికి పట్టిన ఆ మూడు వారాలూ హానాకి ముద్ద దిగలేదు, మాకూ దిగలేదు. ఒక ఆదివారం నెల్ తనంతట తనే పరిగెత్తుకొచ్చి, దగ్గకుండా, జామ్ రాసిన ముక్క కావాలని పేచీ పెట్టింది. హమ్మయ్య అనుకున్నాను, ప్రాణం కుదుటపడింది. హానా కుర్చీలో కూలబడి ఏప్రన్‌లో మొహం దాచుకుని హాయిగా ఏడ్చింది.

ఈనాక్ కంగారుగా లోపలికొచ్చాడు.

"మీ నాన్న వాకరేనయ్యా" అంది. "కాదన్నవాణ్ణి నా దగ్గరికి పంపు."

ఈనాక్ గోడవైపు తిరిగి చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.