ఓపెనర్‌కు రాసిన క్రయపత్రం

అది 1978. చిత్తూరులో రిజిస్ట్రారాఫీసు ఎదుట తడికెల పందిట్లో దస్తావేజులు రాసేవాణ్ని. తోపులు, బావులు, సగం గోడలు, చీమ కూడా నడవలేని గట్లు అన్నీ నా కలం కిందే చేతులు మారాయి. ఇప్పటికీ ఒళ్లు మండించే దస్తావేజు మాత్రం ఒక్కటే. అందులో అమ్ముడైనవాడు ఓ క్రికెట్ ఆటగాడు. పాపం, ఆ సంగతి అతనికి తెలియదు.

మా బజారులో ఆరుగురు రేడియో కామెంటరీ పట్టుకుని ఓ ఆట ఆడేవారు. టెస్టు సిరీస్‌కు ముందు కాఫీ హోటల్లో కూర్చుని, వంతులవారీగా ఆటగాళ్లను కోరుకోవాలి. మనం కోరుకున్నవాడు కొట్టిన పరుగులు మనవే. పోయినేటి వాళ్లలో ఒకణ్ని అట్టిపెట్టుకోవచ్చు. ఎన్నాళ్లు అన్నదే గొడవ. మామిడి మండీ నాయుడు భూప్రపంచంలోకెల్లా గొప్ప ఓపెనర్‌ను పట్టుకుని ఉడుంలా వదలడు. టైలర్ కుప్పయ్యది ఎప్పుడూ ఆఖరి వంతు. అతనికి మిగిలేది బ్యాటు ఏ వైపు పట్టుకోవాలో తెలియని బౌలరే. చివరికి నియమాలు రాయించుకుందామని అందరూ నా దగ్గరికి వచ్చారు.

"ఒక్క ఏడు పెట్టుకోండబ్బా, మళ్లా వదిలేయండి. ఓడినోడు ముందు కోరుకోవల్ల. లేదంటే ఈ ఆట నాకొద్దు" అన్నాడు కుప్పయ్య.

నాయుడు నవ్విన నవ్వుకు నా పందిరి తడికె ఒకటి ఊడింది. "నావోడు నావోడే. ఎవురూ మార్చేదానికి లేకుండా, తోపు కొన్నంత గట్టిగా రాయప్పా."

"గడువుంటే కౌలు, లేకుంటే క్రయం. క్రయమంటే నువ్వు కూడా మార్చలేవు నాయుడన్నా" అన్నాను.

"రాసేవోడివి రాయి. బుద్ధులు సెప్పొద్దు."

రాశాను. 'సదరు ఓపెనర్‌ను పుత్ర పౌత్ర పారంపర్యంగా అనుభవించవలసినది, మార్చుటకు ఎవరికీ వీలులేదు.' చెక్కుబంది, అంటే నాలుగు హద్దులు, కూడా కావాలన్నాడు. తూర్పున వికెట్లు, పడమర బౌలర్ అని పెట్టాను. సంతకం చాలదని, కొబ్బరిచిప్పంత వేలిముద్ర కూడా వేశాడు.

మరుసటి సిరీస్‌కు ఆ ఓపెనర్ వేలు విరిగింది. జట్టులో పేరే లేదు. నాయుడు బజారునంతా వెంటేసుకుని ఊడిపడ్డాడు.

"ఒక్క ఏడనే సెప్పినాను! ఈ రాతగాడే తప్పు రాసినాడు!"

నా రాతలో కామా కదిలించడానికి మహామహా వకీళ్లే భయపడేవారు. కోపంతో కలం మూత బిగించాను. కుప్పయ్య మెడలో టేపు సర్దుకుంటూ అన్నాడు: "అట్నా? అయితే బస్సెక్కు నాయుడన్నా. కాణిపాకం కోనేట్లో మునిగి, తడిబట్టల్తో ప్రమాణాల వినాయకుడి ముందర ఆ మాటే సెప్పు."

నాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, తడవకముందే. "మండీలో పనుండాది... పోనీ, రద్దు పత్రం రాయప్పా."

"అందరూ ఒప్పుకోవాలి."

"ఒక్క ఏడే. ఓడినోడు ముందు. అట్లయితేనే నా సంతకం" అన్నాడు కుప్పయ్య.

నేను కలం మూత తీయలేదు. "ఎప్పటిదాకా, నాయుడన్నా?"

"ఒక్క ఏడు."

"వినపడలేదు."

"ఒక్క ఏడప్పా!" అని వేలూరుకు వినిపించేలా అరిచాడు. అప్పుడు రాశాను.

మొదటి వంతు కుప్పయ్యది. అతను కోరుకున్నది ఆ వేలు విరిగిన ఓపెనర్‌నే. "అతుక్కుంటాది లేప్పా. ఇన్నేండ్లు కాసుకోనుండా, ఇంకొన్నాళ్లు కాసుకోలేనా?"

ఆనాటి నుంచి ఎవరొచ్చినా 'ఎప్పటిదాకా?' అని అడిగి, నలుగురి ముందు గట్టిగా చెప్పించాకే కలం పడతాను. నాయుడి మీద నా కోపానికి మాత్రం గడువు లేదు. అది కౌలు కాదు, క్రయమే.