పనిచేయడం లేదని చెప్పిన అత్తయ్య

మొన్న ఆదివారం చర్చికి తయారై కుర్చీలో కూర్చున్న మా మేనత్త మళ్లీ లేవలేదు. ముమ్మిడివరం చుట్టుపక్కల రొయ్యల రైతులకు ఆవిడ లెక్కల టీచరు గారు. నాకు మాత్రం అత్తయ్య, ఆఫీసులో పై అధికారి, రోజూ తిట్టే మనిషి.

ఆవిడ రిటైరయ్యాక అమలాపురంలో ఇద్దరం కలిసి చిన్న ఆన్‌లైన్ సర్వీసు పెట్టాం. చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోను మోగుతుంది, వెళ్లి నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు వేసుకుంటాడు. మరి మా సర్వీసే ఆగిపోతే? ఫోను మోగదు. మోగలేదు కాబట్టి చెరువు బాగుందనుకుంటాడు. అత్తయ్య భయమంతా అదే.

సర్వీసు నడుస్తోందో లేదో కనిపెట్టే ప్రోగ్రామును మొదట మా ఆఫీసు కంప్యూటర్లోనే పెట్టాం. ఓ రోజు టీ తాగుతూ ఆవిడ లేచి కరెంటు మెయిన్ కట్టేసింది. రెండూ కలిసి ఆగాయి, ఎవరికీ కబురు లేదు.

"మనం పడిపోయామని మనమే ఎలా చెబుతాంరా? మన కప్పు కింద లేనివాడు చెప్పాలి," అంది.

ఆ ప్రోగ్రామునూ, రైతులు చూసే స్టేటస్ పేజీనీ వేరే ఊరి సర్వర్లకు మార్చాం. సర్వీసు ఆగితే పేజీ ఎర్రబడి, దానంతటదే అందరికీ మెసేజ్ వెళుతుంది.

చేదు కబురైనా మర్యాదగా చెప్పడం మా వైపు అలవాటు. "స్వల్ప అంతరాయం కలిగింది, దయచేసి సహకరించగలరు" అని ఆ మెసేజ్ రాశాను.

"ఇది చదివి కాట్రేనికోన రైతు ఏం చేత్తాడు?"

"ఊరుకుంటాడు అత్తయ్యా."

"ఊరుకుంటే రొయ్య పోద్ది కదా," అని తనే రాసింది: "మా అలారం పనిచేయడం లేదు. వెంటనే మీ చెరువు దగ్గరికి వెళ్లండి."

"పరువు పోతుందేమో" అన్నాను.

"పోతే మళ్లీ తెచ్చుకుందాం. చెరువు పోతే ఆళ్ల పిల్లలకేం పెడతాం?"

సమాధి రోజు ముసురు. ఆక్సిజన్ పడిపోయే వాతావరణం. ప్రార్థన జరుగుతుండగానే మా సర్వీసు ఆగింది, చర్చిలో ఫోన్లన్నీ ఒక్కసారి గుయ్యిమన్నాయి. నేను తలెత్తలేకపోయాను. కాట్రేనికోన రైతు ఒకాయన దగ్గరికొచ్చాడు.

"టీచరు గారి మెసేజ్ వచ్చిందండీ. చెరువు చూసుకొచ్చేత్తానండి."

"ఆయ్, వెళ్లి రండి."

బెంచీలు ఖాళీ అయ్యాయి. పాస్టరు గారు కాసేపు ఆగుదామన్నారు. ఏడుపూ వచ్చింది, ఆవిడంటే గర్వమూ కలిగింది.

పెట్టె దింపే వేళకు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. "ఏరియేటర్లు వేసేనండి, రొయ్య బాగుందండి" అని ఆ రైతు చెప్పింది నాకు కాదు, పెట్టెకు. అందరూ మోకాళ్ల దాకా చెరువు బురదతోనే వంగి, తలో గుప్పెడు మట్టి వేశారు.