మిషనక్క మెట్టతామరలు

మిషనక్క పోయింది. మొన్న పొద్దున తాడిపత్రి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి రెండే మాటల్లో చెప్పి పెట్టేసింది. అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను, ఆరేసిన బట్టలనే మళ్లీ ఆరేస్తున్నాను. రాస్తే అయినా ఒకచోట కూర్చుంటానేమోనని ఇది మొదలుపెట్టాను. కుదురు నా ఒంట్లో లేదని మీకు ముందే చెప్పడం మంచిది.

పామిడిలో మా పక్క వాకిలే ఆమెది. వీధిలోని రవికెలూ లంగాలూ అన్నీ ఆమె కుట్టినవే కాబట్టి చిన్నా పెద్దా అందరికీ మిషనక్కే. ఎవరైనా తొందరపెడితే "ఉండప్పా, బట్ట నీది, చెయ్యి నాది" అనేది. ఆ మాట ఎక్కువసార్లు పడింది నేనే.

తొంభైల చివర్లో సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలవడం మొదలుపెట్టింది. చత్వారమనుకున్నాం. అనంతపురంలో కంటి డాక్టరు నీటికాసులన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలన్నాడు. బస్టాండుకు వస్తుంటే దారిలో ఒక నర్సరీ దగ్గర ఆటో ఆపించింది. ఈమెకిప్పుడు మొక్కలెందుకని నాకు లోపల విసుగే.

నర్సరీ అతను విరగబూసిన మెట్టతామరలు చూపిస్తే పట్టించుకోలేదు. ఆకుల మీద చారలున్న రకాలను ఎండలో వరసగా పెట్టించి, ఇరవై అడుగులు వెనక్కి నడిచి, కళ్లు చికిలించి చూసింది.

"ఏమక్కా, అందరూ పూలు చూస్తే నువ్వు ఆకులు చూస్తాండావు?" అన్నాడతను.

"పూలు నాలుగు దినాలుంటాయి. నాకు దినామూ కంటికి ఆనేది కావల్ల."

తెల్ల చారలది ఎంతో అందంగా ఉంది. అదే తీసుకోమన్నాను. అతను ఒప్పుకోలేదు. "ఆ తెలుపు మన ఎండకు మాడిపోతాది. నీడలో పెట్టుకుంటామంటే ఇస్తా."

"నీడలో పెడితే నాకు యాడ కనబడతాది? పసుపు చారలదే ఇయ్యప్పా. పొట్టి రకం చూడు, పొడుగుదైతే గాలికి కుండీతో సహా పడిపోతాది," అంది మిషనక్క.

రెండు వెడల్పాటి సిమెంటు కుండీల్లో నాటి, వాకిట్లో పొద్దంతా ఎండ కాసేచోట పెట్టింది. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో, ఎప్పుడూ తడి అడిగే చెట్టు! బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అన్నీ వాటికే. మా ఇంటివి కూడా పట్టుకుపోయేది. పొద్దున్నే గడపలో నిలబడి వాటిని చూశాకే మిషను ముందు కూర్చునేది. అలవాటనుకున్నాను. ఎందుకని అడగలేదు.

అలా చాలా ఏళ్లు గడిచాక ఒక మే నెలలో, రెండు రోజులు నీళ్లు పోయమని నాకు చెప్పి చెల్లెలింటికి పోయింది. మిట్టమధ్యాహ్నం ఆకులు చుట్టుకుపోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. కుండీలు రెండూ ఈడ్చి, పక్కనున్న రేకుల కిందికి చేర్చాను. మేలు చేశాననుకున్నాను. ఆమె తిరిగొచ్చాక చెప్పడమే మరిచాను.

ఆమె వచ్చిన మర్నాడు మిషను చప్పుడు వినబడలేదు. ఆ మర్నాడూ లేదు. పోయి చూస్తే గోడకానుకుని కూర్చుని ఉంది.

"చారలు పోయినాయే పాపా. గడప కాడ నుంచి అవి కనబడినన్ని దినాలు నా కండ్లు బాగుండాయనుకుంటి. అయిపోయింది నా పని."

నాలుగడుగులు వేసి తడిమి చూడొచ్చు కదా అంటారేమో. భయం. చూసుకుంటే నిజమైపోతుందని భయం.

"అయ్యో, నేనే జరిపినానక్కా! ఎండ ఎక్కువుండాదని నీడకు జరిపినా!"

నా వీపు మీద ఒక్కటి చరిచింది. నన్ను పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. "మళ్లా జరిపితే చేతులిరుస్తా" అంది. కుండీలు మళ్లీ ఎండలోకి ఈడ్చాను. ఆ రెండు రోజులు ఆమె పడిన బాధ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు ఆమె కుట్టింది.

పోయిన ఏడాది, చెల్లెలు వచ్చి తాడిపత్రికి తీసుకుపోవడానికి కొన్నాళ్ల ముందు, బాగా పొద్దెక్కాక గడపలో నిలబడి నన్ను పిలిచింది.

"పాపా, కుండీలు జరిపినావా?"

నేను వాటిని ముట్టనే లేదు. ఎదురుగా, పెట్టినచోటే, ఎండలో పసుపు చారలు భగభగలాడుతున్నాయి.

"ఊ, జరిపినానక్కా. నీడకు," అన్నాను.

ఆమె తిట్టలేదు. చేతులు ముందుకు చాపి, మెట్టు దిగి, అడుగులో అడుగు వేసుకుంటూ నేరుగా కుండీ దగ్గరికి పోయింది. ఎండకు కాలుతున్న ఆకును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. నడినెత్తిన ఎండ.

"నీడలో చల్లగా ఉండాయిలే," అంది, ముఖం నావైపు తిప్పకుండా. "ఈడనే ఉండనీ."